గృహప్రవేశానికి ముందురోజు యాసిడ్ పోయించేవాళ్ళకి

బాత్రూంలో మార్బుల్ వద్దని నేను అనను. డబ్బు మీది, ఇల్లు మీది. కానీ చదరపు అడుగుకి వందలు పోసి కొన్న రాయిని, పరిచిన వారానికే యాసిడ్‌తో కడిగిస్తుంటే మాత్రం ఒళ్ళు మండుతుంది. ఈ మధ్య మా అపార్ట్‌మెంట్లో ఒక ఫ్లాట్‌లో అదే జరిగింది. తెల్లారితే గృహప్రవేశం. సాయంత్రం క్లీనింగ్ కుర్రాళ్ళు డబ్బా తెచ్చి నేలంతా పోశారు. బుసబుసమని నురగ. "చూశారా సార్, మురికి ఎలా పొంగుతోందో!" అన్నాడు ఒకడు. ఇంటాయన మహా సంతోషంగా తలూపాడు.

అయ్యా, పొంగింది మురికి కాదు, మీ రాయి. మార్బుల్ అంటే ప్రధానంగా కాల్షియం కార్బోనేట్. దానిమీద హైడ్రోక్లోరిక్ యాసిడ్ పడితే కరిగి కార్బన్ డయాక్సైడ్ వదులుతుంది. ఆ నురగ అదే. హైస్కూల్లో అందరం చదువుకున్నాం. ఆరాక చూస్తే మెరుపు పోయి మచ్చలు మచ్చలుగా మసకబారి ఉంటుంది, చేత్తో తడిమితే సన్నటి గరుకు తగులుతుంది. పైగా సందుల్లో నింపిన సిమెంటునీ యాసిడ్ తినేస్తుంది. ఒక్క డబ్బాతో రాయీ పోయింది, జాయింటూ పోయింది.

షాపువాడు "తాజ్‌మహల్‌కి వాడింది కూడా ఈ మక్రానా రాయే సార్" అని చెప్పి అమ్ముతాడు. నిజమే. ఆ తాజ్‌మహల్‌ చుట్టుపక్కల ఫ్యాక్టరీల పొగలోని సల్ఫర్ డయాక్సైడ్ తేమతో కలిసి యాసిడ్‌గా మారి రాయిని పాడుచేస్తోందనే కదా, బొగ్గు వాడే పరిశ్రమలు గ్యాస్‌కి మారాలి, లేదంటే అక్కణ్ణుంచి లేచిపోవాలి అని 1996లో సుప్రీంకోర్టు తీర్పిచ్చింది! అక్కడ గాల్లోని పొగకే అంత గొడవ. మనం ఇక్కడ నేరుగా డబ్బాతో గుమ్మరిస్తున్నాం.

అసలు యాసిడ్ దాకా ఎందుకొచ్చింది? రాయి మీద సిమెంట్ పాలు ఎండి తెల్లగా పట్టేశాయి కాబట్టి. అవెందుకు పట్టాయి? జాయింట్ ఫిల్లింగ్ చేసిన పూట తుడిచేవాడు లేడు కాబట్టి. ఎందుకు లేడు? ముహూర్తం ముంచుకొస్తోంది, ఒకే బాత్రూంలో ప్లంబరు, పెయింటరు, టైల్స్ మేస్త్రీ ఒకరి కాళ్ళు ఒకరు తొక్కుకుంటున్నారు. మేస్త్రీని తిట్టి లాభం లేదు. అతనికి మనం రాయి పరిచినందుకు అడుగు లెక్కన కూలీ ఇస్తాం, ఆరేదాకా ఆగినందుకు ఎవరిస్తున్నారు? పాలు పొంగించే తేదీకి పంతులుగారిని అడుగుతాం, సిమెంట్ ఆరడానికి ఎన్ని రోజులు కావాలో మేస్త్రీని అడగం.

పని వరస చెప్తాను, వినండి. లేత రంగు మార్బుల్‌ని తెల్ల అడ్హెసివ్‌తోనే (రాయి అతికించే జిగురు) అతికించాలి. మామూలు సిమెంట్ వాడితే ఆ బూడిద రంగు రాయిలోంచి నీడలా పైకి కనిపిస్తుంది. అది బాగా ఆరాక, సందులు నింపకముందే రాయి మీద ఒక కోటు సీలర్, అంటే మరకలు లోపలికి ఇంకకుండా ఆపే మందు, పడాలి. ఈ మెట్టు చాలామంది ఎగ్గొడతారు. మార్బుల్ రంగు పీల్చుకుంటుంది, ముదురు రంగు గ్రౌట్ (సందుల్లో నింపే ముద్ద) పెడితే ప్రతి పలకకీ ఫోటో ఫ్రేము కట్టినట్టు అంచులు నల్లబడతాయి. ఆ తర్వాత ఇసుక లేని గ్రౌట్. ఇసుక మార్బుల్ కంటే చాలా గట్టిది, రుద్దేటప్పుడు పాలిష్ మీద గీతలు పెడుతుంది. తడి స్పాంజి గట్టిగా పిండి తుడవాలి గానీ బకెట్‌తో నీళ్ళు కొట్టకూడదు, కొడితే జాయింట్ బలహీనపడి రంగు అతుకులు అతుకులుగా తేలుతుంది. కనీసం మూడు రోజులు ఆగి, అప్పుడు రాయికీ జాయింటుకీ కలిపి మళ్ళీ సీలర్. పీల్చుకోగా మిగిలింది పొడిగుడ్డతో తుడిచెయ్యాలి, వదిలేస్తే జిగటగా పొర కడుతుంది.

ఇక 'పేపర్ జాయింట్' సంగతి. సందు కనపడకూడదని పలకకి పలక ఆనించి వేయిస్తారు, పైన వైట్ సిమెంట్ మెత్తుతారు. అది లోపలికి దిగదు, కొన్నాళ్ళు తుడిచేసరికి రేగిపోతుంది. పలకల మధ్య సందు సమానంగా ఉంచే ప్లాస్టిక్ ముక్క, రెండు మిల్లీమీటర్ల స్పేసర్ పెడితే ఏ అందం పోతుందో నాకైతే ఇప్పటికీ అర్థం కాదు.

సిమెంట్ బదులు రెసిన్‌తో చేసే ఎపాక్సీ గ్రౌట్ మంచిదే, ఆ జాయింటుకి సీలర్ అక్కర్లేదు, మరకా పట్టదు. కానీ గట్టిపడేలోపు తుడిచే చెయ్యి కావాలి. కొన్ని రాళ్ళకి దాని అంచు కూడా ముదురుతుంది, మిగిలిన ముక్క మీద ఒకసారి చూసుకోండి.

సీలర్ కొట్టించాం కదా, ఇక ఏం పోసినా పర్లేదు అనుకుంటే అదీ తప్పే. సీలర్ చేసేది మరక లోపలికి దిగకుండా ఆపడం. తలంటు రోజు కారే కొబ్బరినూనె, కుంకుడు రసం, గోరింటాకు ముద్ద వెంటనే తుడిచే టైం ఇస్తుంది, అంతే. యాసిడ్ రాయి పైపొరనే తినేస్తుంది, దానికి సీలర్ అడ్డం రాదు. నిమ్మరసం, చింతపండు, వెనిగర్ కూడా ఆ జాతే. "వెనిగర్‌తో బాత్రూం తళతళ" వీడియోలు ఫార్వర్డ్ చేసే అత్తయ్యలూ పిన్నులూ, మీకు దణ్ణం. బోరు నీళ్ళ తెల్ల మరకలు చాలావరకు కాల్షియం కార్బోనేటే, అంటే మార్బుల్ ఏదో మరకా అదే. మరకని కరిగించేది రాయినీ కరిగిస్తుంది. స్నానం అయ్యాక వైపర్‌తో నీళ్ళు లాగెయ్యడం, మామూలు మెత్తటి సబ్బునీళ్ళు, అంతకు మించి మందు లేదు. బ్లీచింగ్ పౌడర్ చల్లి దాని మీదే యాసిడ్ పోసేవాళ్ళు కూడా ఉన్నారు. క్లోరిన్ గ్యాస్ వస్తుంది, ప్రాణం మీదకి తెచ్చుకోకండి.

నా అనుమానం, ఈ యాసిడ్ పిచ్చి అటాచ్‌డ్ బాత్రూంతో ముదిరింది. పాత ఇళ్ళలో స్నానాల గది వేరు, దొడ్డి వేరు. స్నానం చేసే షాబాద్ బండని కొబ్బరిపీచుతో రుద్దేవాళ్ళు, ఫినాయిలూ యాసిడూ పెరటి చివరే ఉండేవి. ఇప్పుడు రెండూ ఒకే నాలుగు గోడల మధ్యకి వచ్చాయి, కమోడ్‌కి తెచ్చిన సీసా నేల మీదకీ వచ్చేసింది. ఆ ఘాటు వాసన వస్తే తప్ప మనకి కడిగినట్టు అనిపించదు.

మీ ఇంట్లో ఆ వాసన లేనిదే జరగదంటే మార్బుల్ మానెయ్యండి. గరుకు ఫినిష్ టైల్స్ వేయించి ఎపాక్సీ పెట్టించుకోండి, పెద్దవాళ్ళు జారిపడకుండా కూడా ఉంటారు. మిగిలిన డబ్బు వాటర్‌ప్రూఫింగ్ మీద పెట్టండి, ఎందుకంటే ఏ గ్రౌటూ ఏ సీలరూ ఆ పని చెయ్యవు. టైల్స్ పరచకముందు నహానీ ట్రాప్ (నేలలో నీళ్ళు పోయే కన్నం) మూసి, ఒక రోజంతా నీళ్ళు నిలబెట్టి, కింద ఫ్లాట్ వాళ్ళ తలుపు మీరే కొట్టి సీలింగ్ చూపించమనండి. తర్వాత వాళ్ళొచ్చి మీ తలుపు కొట్టేకంటే నయం.