పండుగ: రూ. 0

కార్తీక మాసంలో విశాఖ ఫిషింగ్ హార్బర్ వ్యాపారులకు కాస్త తీరిక దొరుకుతుంది. కొనేవాళ్లలో చాలామంది నెల రోజులు నీచు ముట్టరు కనుక, వ్యాపారులకు కంప్యూటర్ల గురించి ఆలోచించే వ్యవధి చిక్కుతుంది. అలా ఆలోచించిన ఒకాయన రుషికొండ మీదున్న మా ఆఫీసుకు వచ్చారు.

ఆయన చేపల పద్దులన్నీ ఎవరో ఎప్పుడో సొంతంగా అల్లిన పాత డేటాబేస్‌లో ఉన్నాయి. అల్లినాయన ఉద్యోగం మారాడు, ఊరు మారాడు, ఫోను నంబరు కూడా మార్చేశాడు. ఆ లెక్కలను జావా ప్రోగ్రాములు చదవాలంటే మధ్యలో ఒక డ్రైవర్ ఉండాలి. జావాలో 1997 నుంచీ జేడీబీసీ అనే ఏర్పాటు ఉంది. ప్రోగ్రామ్ దానితో మాట్లాడుతుంది, అది ఆయా డేటాబేస్ డ్రైవర్‌తో మాట్లాడుతుంది. ఒరాకిల్‌కూ మైఎస్‌క్యూఎల్‌కూ డ్రైవర్లు తయారుగా దొరుకుతాయి. హార్బర్ పద్దులకు ఎవరిస్తారు? మా సీనియర్ గారే కూర్చుని రాశారు. ఆయన కోడ్‌కు వంక పెట్టినవాళ్లు ఆ తర్వాత టీ చల్లారేదాకా ఆయన అనుభవాలు వినాలి కనుక, ఎవరూ వంక పెట్టలేదు.

పరీక్షించే పని టెస్టింగ్ అమ్మాయికి అప్పగించారు. కనెక్షన్ తెరుచుకుంటోందా, వరసలన్నీ వస్తున్నాయా, మొదటి కాలమ్‌ను 1 అని పిలిస్తే పలుకుతోందా (జేడీబీసీలో సున్నా అని పిలిస్తే తప్పు పడుతుంది), అన్నీ చూసింది. అన్నీ పచ్చగా వెలిగాయి. అయినా ఆ అమ్మాయికి ఒక సందేహం మిగిలింది.

“సార్, దీనికి వేరే డేటాబేస్ చిరునామా ఇచ్చి చూడలేదు.”

“మన డ్రైవర్‌కు పరాయివాళ్ల చిరునామా ఎందుకమ్మా?” అన్నారు సీనియర్ గారు.

ఈ వాక్యాన్ని ఫ్రేము కట్టించి రిసెప్షన్‌లో పెట్టించాలని నా కోరిక. ఎందుకంటే జేడీబీసీలో డ్రైవర్ మేనేజర్ అనే పెద్దమనిషి ఒకరుంటారు. ఏ ప్రోగ్రామ్ ఏ చిరునామా పట్టుకొచ్చినా, నమోదైన డ్రైవర్లందరినీ వరసగా “ఇది నీదా?” అని అడుగుతూ పోవడం ఆయన పని. తనది కాకపోతే డ్రైవర్ మర్యాదగా నల్, అంటే ‘ఏమీ లేదు’, తిరిగివ్వాలి. అప్పుడాయన పక్కవాడిని అడుగుతాడు. మా డ్రైవర్‌కు ఆ మర్యాద ఎవరూ నేర్పలేదు. చిరునామా చదవకుండానే “నాదే” అనేసి హార్బర్ పద్దులు తెరిచేది.

ఆదివారం రాత్రి సీనియర్ గారు డ్రైవర్ ఫైలును టెస్టు సర్వర్‌లో అందరూ వాడుకునే ఫోల్డర్‌లో వేసి, సర్వర్‌ను మళ్లీ స్టార్ట్ చేశారు. 2006లో వచ్చిన జావా 6 నుంచి ఫైలు అలా పెడితే చాలు, డ్రైవర్ తనంతట తానే నమోదైపోతుంది. మాది అందరికంటే ముందు నమోదైంది. అదే సర్వర్ మీద మా క్యాంటీన్ బోర్డూ టోకెన్ల మిషనూ నడుస్తున్నాయన్న సంగతి ఆ వేళప్పుడు ఎవరికి గుర్తుంటుంది?

తెల్లవారితే కార్తీక సోమవారం. మధ్యాహ్నం పలహారానికి కిందికి దిగినవాళ్లకు గోడమీది తెర ఇలా దర్శనమిచ్చింది: కోనాం. చందువ. నెత్త. రొయ్య. సొర. అన్నిటికంటే కింద, పండుగ: రూ. 0.

క్యాంటీన్ ప్రోగ్రామ్ ఐటెమ్స్ అనే పట్టికలో పేరు, రేటు అడిగింది. హార్బర్ పద్దుల్లోనూ ఐటెమ్స్ పట్టికే ఉంది, పేరూ రేటూ ఉన్నాయి. భూమి మీద పుట్టిన ప్రోగ్రామర్లందరూ పట్టికలకు అవే పేర్లు పెడతారు కాబట్టి, ఎక్కడా ఎర్రర్ అన్న మాటే రాలేదు.

నుదుట విభూతి రేఖలతో వచ్చిన అకౌంట్స్ ఆయన బోర్డు చూసి “శివ శివా, సోమవారం పూట కోనామా!” అని కళ్లు మూసుకున్నారు. తెరిచాక ఆఖరి వరస చదివారు. కార్తీక మాసం కదా, యాజమాన్యం ఏదో ఉచితంగా పెడుతోందని తేల్చుకుని ‘పండుగ’ మీట నొక్కారు. చీటీ వచ్చింది. ఆయన వెనక వరస కట్టిన వేగం చూస్తే ఉపవాసాల మీద నాకున్న గౌరవం కొంత తగ్గింది. హెచ్‌ఆర్ వాళ్లు ఇది ఎండీ గారి ఆలోచన అనుకున్నారు. ఎండీ గారు హెచ్‌ఆర్ వాళ్లను మెచ్చుకుంటూ మెయిల్ పెట్టారు. చీటీ చూసి తికమకపడిన క్యాంటీన్ బాబాయ్, పండుగ అంటే ఇదే కాబోలని ఉప్మా పక్కన రవ్వకేసరి పెట్టి పంపడం మొదలుపెట్టాడు.

టెస్టింగ్ అమ్మాయి మాత్రం అరటిపండు చేతిలోనే ఉంచుకుని ‘రొయ్య’ వైపు చూస్తూ వేళ్లు మడిచింది. ర, ఒత్వం, య, పొల్లు, మళ్లీ య. కంప్యూటర్ అక్షరాలను బైట్లుగా దాచుకునే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు అక్షరానికీ గుణింతపు గుర్తుకూ పొల్లుకూ దేనికదే 3 బైట్లు. అయిదు మూళ్లు 15. పేరు కాలమ్‌లో 15 అక్షరాలు పట్టాలని రాసి ఉంటే, మా డ్రైవర్ దాన్ని 15 బైట్లు అనుకుని మిగతాది కోసేస్తోంది. ‘లు’ లేని రొయ్యలు, సగం తెగిన నెత్తళ్ళు అలా వచ్చినవే. పండుగప్ప అనే చేప పేరుకు 24 బైట్లు కావాలి. 15 దగ్గర తెగితే సరిగ్గా ‘పండుగ’ మిగులుతుంది.

సున్నా విషయంలో మాత్రం డ్రైవర్ నిర్దోషి, అది చెప్పాలి. పండుగప్ప రేటు వేలంలో తేలేదాకా హార్బర్ గుమాస్తా ఆ గడి ఖాళీగా వదిలేస్తాడు. ఖాళీ గడిని అంకెగా అడిగితే జేడీబీసీ సున్నాయే ఇస్తుంది. నిజంగా సున్నానా, ఖాళీయా అని మళ్లీ విడిగా అడగాలి. క్యాంటీన్ ప్రోగ్రామ్ అంత దూరం ఆలోచించలేదు.

సాయంత్రం వ్యాపారి గారు డ్రైవర్ పనితనం చూడటానికి వచ్చారు. మేం వాడింది ఆయన పద్దుల నకలే కనుక అసలుకు ఢోకా లేదు. కానీ జేడీబీసీలో వద్దని చెప్పకపోతే ప్రతి మార్పూ అప్పటికప్పుడే ఖాయమైపోతుంది. క్యాంటీన్ చీటీలన్నీ పొల్లు పోకుండా ఆ నకలులో అమ్మకాలుగా ఎక్కాయి. ఆయన కళ్లద్దాలు సవరించుకుని తెర మీదికి వంగారు.

“పండుగప్ప ఇంత అమ్ముడుపోయిందా?”

“అవునండీ,” అన్నారు సీనియర్ గారు, ఇంకెటో చూస్తూ.

“సున్నా రూపాయలకా? కార్తీక సోమవారం నాడా? ఎవరు బాబూ కొన్నది?”

సీనియర్ గారు గొంతు సవరించుకునేలోగా, టీ కప్పులు బల్ల మీద పెడుతున్న క్యాంటీన్ బాబాయ్ జవాబు చెప్పేశాడు.

“ఉపవాసం ఉన్నవాళ్లేనండీ. అకౌంట్స్ ఆయన రెండు తీసుకున్నారు.”