మాంటెనెగ్రో రోడ్డు అప్పు: జెండా పక్కన పెట్టి కాగితం చదవండి

చైనా అప్పుల మీద చర్చ మొదలైతే శ్రీలంకలోని హంబన్‌టోట ఓడరేవు తర్వాత వినిపించే పేరు ఐరోపాలోని మాంటెనెగ్రో. జనాభా ఆరు లక్షల పైచిలుకు, ఇంచుమించు మన గుంటూరు నగరమంత దేశం. 41 కిలోమీటర్ల రోడ్డు కోసం చైనా ప్రభుత్వ బ్యాంకు ఎగ్జిమ్ దగ్గర 94.4 కోట్ల డాలర్లు తెచ్చుకుని మునిగింది, అంతే, అని కథ కంచికి పంపేస్తారు. చైనాను తిట్టేవాళ్ళకీ ఇదే చాలు, వెనకేసుకొచ్చేవాళ్ళకీ ఇదే చాలు. ఆ అప్పు కాగితంలో అసలు తేడా ఎక్కడుందో మాత్రం ఇద్దరూ చూడరు.

ముందు లెక్క చూద్దాం. 2014 ఫిబ్రవరిలో సీఆర్‌బీసీ అనే చైనా ప్రభుత్వ కంపెనీతో 80.96 కోట్ల యూరోలకు కాంట్రాక్టు కుదిరింది. అందులో 85 శాతం ఎగ్జిమ్ బ్యాంకు అప్పు, మిగతా 15 శాతం ఖజానాది. వడ్డీ 2 శాతం, గడువు 20 ఏళ్ళు, మొదటి ఆరేళ్ళు అసలు సొమ్ము తిరిగి కట్టక్కర్లేదు. 2014లో అప్పు తీర్చే సత్తాకు అంత తక్కువ రేటింగ్ ఉన్న దేశానికి మార్కెట్లో ఇంత చవగ్గా, ఇంత పొడుగ్గా ఎవరూ ఇచ్చేవారు కాదు. కిలోమీటరుకు దాదాపు 2 కోట్ల యూరోలు పడిందని గగ్గోలు పెట్టేవాళ్ళు ఆ కొండల్ని ఒకసారి చూడాలి. దారిలో సగానికి పైగా సొరంగాలూ వంతెనలే. ఒక్క మొరాచిత్సా వంతెనే 960 మీటర్ల పొడవు, సుమారు 200 మీటర్ల ఎత్తు. అక్కడ ఎవరు కట్టినా చవగ్గా తేలదు.

మరి తప్పెక్కడ? మొదటిది కరెన్సీ. మాంటెనెగ్రో యూరోజోన్ సభ్యదేశం కాదు, కానీ 2002 నుంచి యూరోనే సొంత డబ్బుగా వాడుతోంది. పన్నులు యూరోల్లో వస్తాయి, టూరిస్టులు యూరోల్లో ఖర్చు పెడతారు, జీతాలు యూరోల్లో ఇస్తారు. అప్పు మాత్రం డాలర్లలో. నోటు అచ్చేసే హక్కు లేదు, మారకం రేటు మీద పట్టు లేదు. సంతకాల నాటికి యూరోకు సుమారు 1.37 డాలర్లు. ఆ రేటున 94.4 కోట్ల డాలర్లంటే దాదాపు 68.9 కోట్ల యూరోలు. 2015లో యూరో 1.10 దగ్గరికి జారింది. ఆ రేటున అదే అప్పు 85.8 కోట్ల యూరోలు. అప్పు మొత్తం ఒక్కరోజున తీసుకోరు, పని జరిగిన కొద్దీ విడతలుగా వస్తుంది, కాబట్టి అసలు నష్టం ఈ తేడా అంత ఉండదు. అయినా డాలరు తీసుకున్న రోజుకీ తీర్చే రోజుకీ మధ్య పదేళ్ళ పైన గాలిలో దీపమే. సంతకాలు చేసిన 2014లో దేశం జీడీపీ 350 కోట్ల యూరోల లోపు. దాంట్లో అయిదో వంతును ఒక్క రోడ్డు పేరున పరాయి కరెన్సీలో పెట్టారు.

2020లో కోవిడ్‌తో టూరిజం కూలింది, జీడీపీ 15 శాతం దాకా పడిపోయింది, ప్రభుత్వ అప్పు జీడీపీలో 100 శాతం దాటింది. 2021 జులైలో తొలి వాయిదా కట్టాలి. దానికి కొన్ని నెలల ముందు ఉపప్రధాని అబజోవిచ్ యూరోపియన్ యూనియన్‌ను సాయం అడిగితే, మూడో పార్టీ అప్పులు తీర్చడం మా పని కాదని జవాబొచ్చింది. చివరికి అదే జులైలో పశ్చిమ దేశాల బ్యాంకులతో స్వాప్ ఒప్పందం (ఒక కరెన్సీ బాకీని ఇంకో కరెన్సీతో మార్చుకునే ఏర్పాటు) చేసుకుని డాలరు బాకీని యూరోల్లోకి మార్చుకున్నారు. వడ్డీ కూడా 2 నుంచి 0.88 శాతానికి దిగింది. బాగానే ఉంది. కానీ ఇది సంతకం నాడే జరగాల్సిన పని, ఏడేళ్ళు ఎందుకు పట్టింది? అప్పు నెత్తికెక్కాక వెళితే స్వాప్ ఇచ్చే బ్యాంకు మన రేటింగ్ చూసి ధర చెబుతుంది, అప్పటి రేటుకే తలవంచాలి. ఈసారి యూరో వడ్డీలు సున్నా దగ్గర ఉండటం వాళ్ళ అదృష్టం. అదృష్టాన్ని ఆర్థిక విధానం అనరు.

రెండోది కాంట్రాక్టులో లేని పనులు. స్మొకోవాత్స్ దగ్గర హైవేను ఊరి రోడ్లతో కలిపే ఇంటర్‌చేంజ్, సొరంగాలకు కరెంటు, నీళ్ళ లైన్లు మొదటి ధరలో లేవు. తర్వాత విడిగా ఒప్పందాలు రాసుకోవాల్సి వచ్చింది. ఇల్లు కట్టించి మెట్లు విడిగా బేరమాడినట్టు. టెండరు పిలిచి పని జాబితాను నలుగురి ముందు పెట్టి ఉంటే, పోటీ కంపెనీల్లో ఒకటైనా ‘మరి ఇంటర్‌చేంజ్ ఏదీ?’ అని అడిగేది. ఇక్కడ టెండరే లేదు, దేశాల మధ్య ఒప్పందం కింద కంపెనీని ఎంచేశారు. దిగుమతులకు కస్టమ్స్ సుంకం, వ్యాట్ మినహాయించారు. స్థానికులకు 30 శాతం సబ్‌కాంట్రాక్టులు అన్నారు. 2015లో మొదలైన పని నాలుగేళ్ళలో అయిపోవాలి. రోడ్డు తెరిచింది 2022 జులైలో.

మధ్యలో ఒక మాట. ‘కట్టకపోతే చైనా భూములు లాక్కుంటుంది’ అనే ప్రచారం దండిగా నడిచింది. చైనా చట్టం, బీజింగ్‌లో మధ్యవర్తిత్వం, సార్వభౌమ రక్షణ (దేశం మీద, దాని ఆస్తుల మీద దావా వేయకుండా ఉండే రక్షణ) వదులుకోవడం, ఇవన్నీ ఒప్పందంలో ఉన్నమాట నిజమే. కానీ ఆ రక్షణ వదులుకునే షరతు విదేశీ బాండ్లలోనూ బ్యాంకు అప్పుల్లోనూ మామూలే. అభ్యంతరం పెట్టాల్సింది మధ్యవర్తిత్వ వేదికకు: అప్పిచ్చినవాడి ఊళ్ళోనే పంచాయితీ.

ఇప్పుడు చాలామంది దాటేసే భాగం. యూరోపియన్ ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకు కోసం 2012లో చేసిన అధ్యయనం ఈ రోడ్డు గిట్టుబాటు కాదని తేల్చింది. అది సరైన మాటే. కారుకు టోల్ మూడున్నర యూరోలు. రోజుకు 6,000 బండ్లు వస్తాయనీ, అన్నీ కార్లేననీ అనుకుందాం. ఏడాదికి 77 లక్షల యూరోలు కూడా రావు. అసలును 14 ఏళ్ళకు పంచితే ఏడాదికి 6.7 కోట్ల డాలర్లు, వడ్డీ వేరే. టోల్‌తో ఈ అప్పు ఏ జన్మకీ తీరదు.

కానీ ‘కాదు’ అని చెప్పి వెళ్ళిపోవడం వ్యూహం ఎలా అవుతుంది? బార్ ఓడరేవు నుంచి సెర్బియా సరిహద్దు దాకా దారి కావాలని ఆ దేశం ఎన్నో ఏళ్ళుగా అడుగుతోంది. వెనకబడిన ఉత్తర ప్రాంతానికి సరైన రోడ్డు లేదు. ఒక బ్యాంకు తలుపేసుకుంటే ప్రభుత్వం వీధి చివర ఇంకో తలుపు కొడుతుంది, అక్కడ టెండరు అడగరు. తమాషా ఏమిటంటే, 2018లో ప్రపంచ బ్యాంకు 8 కోట్ల యూరోల గ్యారంటీ ఇచ్చి, దాని ఆసరాతో ఇదే మాంటెనెగ్రోకు ప్రైవేటు బ్యాంకుల దగ్గర 25 కోట్ల యూరోల అప్పు పుట్టించింది. రోడ్డు డిజైన్ దగ్గర నిలబడనివాళ్ళు, రోడ్డుతో బిగుసుకున్న ఖజానా దగ్గరికి గ్యారంటీ పట్టుకుని వచ్చారు. 2013లోనే వచ్చి ఉంటే బేరం వేరుగా ఉండేది.

ఎలా రావాలి? ప్రపంచ బ్యాంకులో అప్పులిచ్చే విభాగం ఐబీఆర్‌డీ. దాని అప్పులో ఇప్పటికే ఉన్న పనిముట్లు చాలు. అప్పు ఏ కరెన్సీలో కావాలో తీసుకునేవాడే ఎంచుకోవచ్చు, తర్వాత మార్చుకోవచ్చు కూడా. గడువు 35 ఏళ్ళ దాకా, సగటున 20 ఏళ్ళు మించకుండా. మొదట్లో 0.25 శాతం ఫీజు, తీసుకోకుండా మిగిలిన సొమ్ము మీద ఏటా మరో 0.25 శాతం (2024లో దీనికి మొదట్లో కొంత గడువు మినహాయింపు ప్రకటించారు). ఈ రెండోదే నెమ్మదిగా కొరికే పురుగు. భూసేకరణ పూర్తికాకుండా, ప్రాజెక్టు ఆఫీసులో టెండర్లు తెలిసిన నలుగురు మనుషులు లేకుండా అప్పు మంజూరు చేయించుకుంటే, ఆ మినహాయింపు రాకముందు తవ్వకం మొదలవ్వకముందే మీటరు తిరిగేది. చిన్న దేశాల్లో ఈ ప్రాజెక్టులు ఆగేది ఎక్కువగా ఇక్కడే. అందుకే మంజూరు కంటే ముందు భూమీ, డిజైనూ తేల్చాలి. టోల్‌తో తీరని భాగాన్ని గ్రాంటుతో నింపాలి. గ్రాంటు దొరికినంతవరకే ఆ విడత కట్టాలి.

ఇది ఊహ కాదు. మతెషెవో నుంచి ఆండ్రియెవిత్సా దాకా, సుమారు 22 కిలోమీటర్ల రెండో భాగానికి అచ్చం ఇదే దారి పట్టారు. ఈబీఆర్‌డీ (యూరప్ పునర్నిర్మాణ, అభివృద్ధి బ్యాంకు) 20 కోట్ల యూరోల అప్పు, దానికి తోడు ఈయూ గ్రాంటు, బహిరంగ టెండరు. గెలిచింది ఎవరనుకున్నారు? పవర్‌చైనా, స్టెకోల్ కూటమి, సుమారు 69 కోట్ల యూరోలకు. మళ్ళీ చైనా కంపెనీలే! కాకపోతే ఈసారి పోటీలో నిలబడి గెలిచాయి. కట్టేవాడు బీజింగ్ నుంచి వచ్చినా పర్లేదు, నిబంధనల పుస్తకం మాత్రం అక్కడి నుంచి రాకూడదు.

మనవాళ్ళకు ఇదంతా దూరపు గొడవ అనిపించవచ్చు. అమరావతికి ప్రపంచ బ్యాంకు, ఆసియా అభివృద్ధి బ్యాంకు (ఏడీబీ) ఇచ్చిన అప్పులు డాలర్లలో ప్రకటించినా, అసలు ఒప్పందాలు జపాన్ యెన్‌లో ఉన్నాయి. వడ్డీ తక్కువని సంబరపడే ముందు, యెన్ బలపడితే ఆ తేడా ఎవరి ఖాతాలో పడుతుందో ఎంతమంది అడిగారు?

ఇక మాంటెనెగ్రో పాఠం నేర్చుకుందా? 2025లో ఆ దేశ పార్లమెంటు యూఏఈతో టూరిజం, రియల్ ఎస్టేట్ ఒప్పందం ఆమోదించింది. దాని కింద వచ్చే ప్రాజెక్టులకు టెండరు నిబంధనలు వర్తించవు. ఈయూ అభ్యంతరం చెప్పింది. అధ్యక్షుడు మిలాటోవిచ్ వెనక్కి పంపితే పార్లమెంటు మళ్ళీ ఓటేసి నెగ్గించుకుంది.