ఐదేళ్లు ఆగితే మాటలు వస్తాయా? చెవి ఆపరేషన్ మీద తిరుగుతున్న మెసేజ్‌కి ఒక తల్లి జవాబు

మొన్న ఆదివారం మా బంధువుల వాట్సాప్ గ్రూపులోకి ఒక పొడవాటి మెసేజ్ వచ్చింది. పుట్టుకతో చెవుడున్న పిల్లలకు కాక్లియర్ ఇంప్లాంట్, అంటే లోపలి చెవిలో వినికిడి పరికరం పెట్టే ఆపరేషన్, చేయించవద్దని దాని సారాంశం. పుర్రె కోసి మెదడులో చిప్ పెడతారట. పిడుగులు పడేటప్పుడు ప్రాణానికే ముప్పట. ఖర్చు భరించలేమట. అంత చేసినా మాటలు రావట. ఐదేళ్లు ఓపిక పడితే వాటంతట అవే వస్తాయట. పదిమందికీ పంపండి అని కింద రాసి ఉంది. ఇవే మాటలు ఇంతకుముందూ రెండు మూడు రూపాల్లో చూశాను, ఊరుకున్నాను. ఈసారి ఊరుకోలేను. మా పాపకు రెండేళ్ల నాలుగు నెలలప్పుడు ఆ ఆపరేషన్ అయింది. ఇప్పుడు రెండో తరగతి చదువుతోంది.

ముందు ఆ ఐదేళ్ల మాట తీసుకుంటాను. అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది అదే, ఎందుకంటే దాన్ని ప్రేమతో చెబుతారు. మాకూ అలాగే చెప్పారు. "వాళ్ల నాన్నకీ మూడేళ్ల దాకా మాటల్లేవమ్మా, కంగారు పడకు" అన్నారు మా అత్తగారు. వసకొమ్ము అరగదీసి తేనెలో కలిపి నాకించారు. ఆమె మనసులో ఏ కల్మషమూ లేదు. కానీ వస రాసింది నాలుకకి, లోపం ఉన్నది చెవిలో. వినపడని మాటను ఏ బిడ్డా తిరిగి అనలేదు.

నేనూ ఇంట్లో పరీక్షలు చేశాను. పాప వెనక స్టీలు పళ్లెం పడేసేదాన్ని. గిరుక్కున తిరిగేది. హమ్మయ్య, వినిపిస్తోంది అనుకునేదాన్ని. నేల అదిరినా, నీడ కదిలినా, ఎదురుగా ఉన్నవాళ్ల చూపు మారినా పిల్లలు తిరుగుతారని నాకు తర్వాత తెలిసింది. చెవి పని చేయని పిల్లల కళ్లు చాలా చురుకు. చివరికి పాపను నిద్రపుచ్చి, నుదుటికీ చెవుల వెనకా వైర్లు అంటించి, శబ్దానికి వినికిడి నరం స్పందిస్తోందో లేదో చూసే బెరా టెస్ట్ చేశారు. శబ్దం 90 డెసిబెల్స్‌కి పెంచినా గీతలో కదలిక లేదు. అప్పటికి పాపకు ఏడాదిన్నర. అంతకు ఆరు నెలల ముందే ఒక డాక్టరుకు చూపించాం. ఇంకా చిన్నపిల్ల, చూద్దాం అని పంపేశారు. ఆ ఆరు నెలలు ఇప్పటికీ నన్ను తినేస్తుంటాయి.

వయసు ఎందుకంత ముఖ్యం? కడుపులో ఆరో నెల దాటేసరికే బిడ్డకు శబ్దాలు వినిపించడం మొదలవుతుంది. అంటే మామూలుగా వినే బిడ్డ పుట్టేనాటికే కొన్ని నెలల పాటు అమ్మ గొంతు విని ఉంటుంది. మెదడులో వినికిడికి కేటాయించిన భాగం శబ్దం కోసం ఎదురుచూస్తుంది. ఎంతకీ రాకపోతే ఆ చోటును చూపు, స్పర్శ లాంటివి వాడుకోవడం మొదలుపెడతాయి. పుట్టు చెవుడున్న పిల్లలకు మూడున్నరేళ్లలోపు ఇంప్లాంట్ పెడితే మెదడు బాగా అందుకుంటుంది. ఏడేళ్లు దాటాక మొదలుపెడితే శబ్దం వినిపించవచ్చు గానీ దాన్ని మాటగా అర్థం చేసుకోవడం చాలా కష్టమవుతుంది. అందుకే పుట్టిన నెలలోపు స్క్రీనింగ్, మూడో నెలకల్లా నిర్ధారణ, ఆరో నెలకల్లా చికిత్స మొదలు కావాలంటారు. అమెరికాలో పిల్లలకు ఈ ఇంప్లాంట్ 1990లో అనుమతించినప్పుడు కనీస వయసు రెండేళ్లు. 2000లో దాన్ని ఏడాదికి, 2020లో ఒక పరికరానికి తొమ్మిది నెలలకు తగ్గించారు. వైద్యం అటు ముందుకు జరుగుతుంటే ఈ మెసేజ్ మనల్ని ఐదేళ్లు ఆగమంటోంది. పైగా పుట్టు చెవుడున్న పిల్లలకు దివ్యాంగులకు సహాయ పరికరాలిచ్చే ఏడిప్ పథకం కింద కేంద్రం ఇచ్చే ఇంప్లాంట్‌కు వయోపరిమితి కూడా ఐదేళ్లే. ఆగినవాళ్లకు ఆ తలుపూ మూసుకుపోతుంది.

ఆలస్యంగా మాట్లాడే పిల్లలు లేరా అంటే, ఉన్నారు. వాళ్లకు వినిపిస్తుంది. తేడా తెలిసేది పరీక్షతోనే. బెరాలో సూది లేదు, కోత లేదు.

ఇక పుర్రె, మెదడు సంగతి. చెవి వెనక ఎముకలో దారి చేస్తారన్నది నిజం. మెదడులో పెడతారన్నది అబద్ధం. లోపలి చెవిలో నత్తగుల్లలా రెండున్నర చుట్లు తిరిగి, బఠాణీ గింజంత ఉండే కాక్లియా ఉంటుంది. సన్నటి తీగ దానిలోకి వెళుతుంది. ఆ తీగ మీద, కంపెనీని బట్టి, 12 నుంచి 22 దాకా ఎలక్ట్రోడ్లుంటాయి. మామూలు చెవిలో పదిహేను వేల పైచిలుకు వెంట్రుక కణాలు చేసే పనిని ఇవి చేయాలి. పాడైన ఆ కణాలను దాటేసి నేరుగా వినికిడి నరానికి సంకేతం అందిస్తాయి. ప్రమాదమే లేదని నేను అనను. ఇన్‌ఫెక్షన్ రావచ్చు, ముఖ నరానికి దెబ్బ తగిలే అవకాశం కొద్దిగా ఉంటుంది, ఎప్పుడైనా లోపలి పరికరం పాడై మళ్లీ ఆపరేషన్ కావాల్సి రావచ్చు. మెదడు పొరల వాపు (మెనింజైటిస్) రాకుండా న్యుమోకోకల్ టీకా తప్పనిసరిగా వేయించాలి. ఇవన్నీ మాకు సంతకం పెట్టించేముందే చెప్పారు. చెవుడున్న ప్రతి బిడ్డకూ ఇది అక్కర్లేదు కూడా. వినికిడి మిషన్‌తో సరిపోయేవాళ్లున్నారు. వినికిడి నరమే లేని పిల్లలకు ఇది పనిచేయదు. ముందుగా స్కానింగులు తీసేది అందుకే.

"అంత చేసినా మాటలు రావు" అన్న ఆరోపణ వెనక ఒక అపార్థం ఉంది. ఆపరేషన్ అయిన మర్నాడే పిల్లలు మాట్లాడేస్తారని చాలామంది అనుకుంటారు. నేనూ అనుకున్నాను. ఆపరేషన్ రోజు ఏమీ వినిపించదు. గాయం మానడానికి మూడు వారాలు ఆగి, అప్పుడు శబ్దాన్ని అందుకునే పైమిషన్‌ను చెవికి తగిలించి స్విచాన్ చేశారు. చిన్న గది. పాప నేల మీద కూర్చుని రంగు రింగులు ఒకదాని మీద ఒకటి పేరుస్తోంది. వినికిడి నిపుణురాలు (ఆడియాలజిస్ట్) కంప్యూటర్‌లో శబ్దం ఒక్కో మెట్టూ పెంచుతోంది. పాప చెయ్యి గాల్లో ఆగిపోయింది. పచ్చ రింగు ఇంకా చేతిలోనే ఉంది. నా మొహం చూసి గట్టిగా ఏడ్చింది. వీడియోల్లోలాగా నవ్వలేదు. భయపడింది. రెండేళ్లు నిశ్శబ్దంలో ఉన్న పిల్లకు ఒక్కసారిగా శబ్దం వస్తే భయం కాక ఏమేస్తుంది?

ఆ తర్వాతే అసలు పని. వారానికి రెండు థెరపీలు, కొన్నాళ్లకోసారి మిషన్‌ను పాపకు తగ్గట్టు సరిచేసే మ్యాపింగ్, ఇంట్లో పొద్దస్తమానం మాట్లాడటం. రోజూ పొద్దున్నే మిషన్ తగిలించగానే నోటికి కాగితం అడ్డం పెట్టుకుని ఆరు శబ్దాలు అనేదాన్ని: ఆ, ఊ, ఈ, మ్, ష్, స్. విన్నప్పుడల్లా పాప డబ్బాలో ఒక శనగగింజ వెయ్యాలి. "స్" దగ్గర గింజ పడటానికి నాలుగు నెలలు పట్టింది. ఒక సాయంత్రం గేటు గొళ్లెం చప్పుడుకు తల తిప్పి "నాన్న" అన్నట్టు గుమ్మం వైపు చూపించింది. ఎనిమిదో నెలలో మొదటి మాట వచ్చింది. "ఇయ్యి." ఇవాళ వసపిట్ట. థెరపీ మానేసిన పిల్లల్ని చూపించి ఆపరేషన్ దండగ అనడం అన్యాయం. వాళ్ల అమ్మానాన్నలకు థెరపీ ఎక్కడ దొరుకుతుందో, బస్సు ఛార్జీలు ఎవరిస్తారో అడిగినవాళ్లు లేరు.

పిడుగు సంగతి ఒక్క ముక్కలో చెబుతాను. చర్మం కింద ఉన్న చిన్న పరికరం పిడుగుని పిలవదు. ఉరుములప్పుడు అందరు పిల్లల్లాగే మా పాపా ఇంట్లో ఉంటుంది. స్నానానికి పైమిషన్ తీసేస్తాం. ఎంఆర్ఐ తీయాల్సి వస్తే మాత్రం లోపల అయస్కాంతం ఉందని ముందే చెప్పాలి, కార్డు చూపించాలి.

మెసేజ్‌లో పూర్తిగా నిజమైన మాట ఒక్కటే, ఖర్చు. 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ ఎందరో తెలుగు పిల్లలకు ఈ ఆపరేషన్ ఉచితంగా చేయించింది. ఏడిప్ కూడా ఉంది. దానికి ఆదాయ పరిమితి ఉంటుంది, వివరాలు సికింద్రాబాద్ మనోవికాస్ నగర్‌లోని అలీ యావర్ జంగ్ జాతీయ వినికిడి, మాట లోపాల సంస్థ కేంద్రంలో అడగవచ్చు. కానీ పైమిషన్ కేబుల్ తెగుతుంది, కాయిల్ పోతుంది, బ్యాటరీలు అయిపోతాయి. వారంటీ అయ్యాక వేలల్లో అవుతుంది. ఒకసారి కేబుల్ కోసం పదకొండు రోజులు ఎదురుచూశాం. ఆ పదకొండు రోజులూ పాప మళ్లీ నిశ్శబ్దంలోనే. దీని మీద గొంతెత్తాలి. స్పేర్ పార్టులు కూడా పథకంలో ఉండాలని అడగాలి. అంతేగాని ఆపరేషనే వద్దనడం పరిష్కారం కాదు.

చివర్లో సైగలు నేర్పితే మాటలు రావని కూడా రాశారు. సైగల భాష చెవిటివాళ్ల సొంత భాష. దానికి వ్యాకరణం ఉంది, నిఘంటువు ఉంది. ఇంప్లాంట్ వద్దనుకుని ఆ భాషలో పిల్లల్ని చక్కగా పెంచుకునే కుటుంబాల మీద నాకు గౌరవమే. మాటా లేక, సైగా లేక ఐదేళ్లు ఏ భాషా అందకుండా బిడ్డను ఉంచేయడం మాత్రం ఎవరూ చేయకూడదు.

ఇదంతా గ్రూపులో పెట్టాక, మెసేజ్ పంపిన మా పిన్ని కూతురు విడిగా ఫోన్ చేసింది. "అక్కా, మా తోడికోడలి బాబుకి పదకొండు నెలలు. పిలిస్తే పలకడం లేదు. అందుకే ఎక్కడో చూసి అది పంపాను" అంది. కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. బెరా టెస్ట్ ఎక్కడ చేస్తారో, ఆ రోజు బాబుని ఎలా నిద్రపుచ్చాలో చెప్పాను. వచ్చే మంగళవారం తీసుకెళ్తున్నారు. నేనూ వెళ్తున్నాను.