టక్‌మన్నాక ఇంకా ఎందుకు?

తిరుపతిలో ఏ పెట్రోలు బంకులో నిలబడినా ఇది కనిపిస్తుంది. 'ఫుల్ ట్యాంక్' అనగానే కుర్రాడు గన్ను పెట్టి వదిలేస్తాడు. కాసేపటికి అది టక్‌మని ఆగిపోతుంది. లెక్కప్రకారం పని అక్కడితో అయిపోయింది. కానీ మీటరు 2,863 రూపాయల దగ్గర నిలిచింది. "రౌండ్ చేసేదా సార్?" అంటాడు కుర్రాడు. "ఇంగా పడుతుంది, కొట్టు నా" అంటాడు కారాయన. గన్ను కొంచెం పైకి లాగి టక్, టక్, టక్‌మని 2,900 అయ్యేదాకా చుక్కలు చుక్కలుగా పోస్తారు. బస్తాలో చెనక్కాయలు కూరినట్టు కారును పట్టుకుని ఊపేవాళ్లూ ఉన్నారు.

ఆ చివరి ముప్పై ఏడు రూపాయల పెట్రోలు ఎక్కడికి పోతుందో బండి యజమానికీ తెలియదు, పోసినవాడికీ తెలియదు. అది తెలిస్తే ఈ అలవాటు చాలావరకు తగ్గుతుందని మా నమ్మకం.

గన్ను మూతి దగ్గర ఒక సన్నని రంధ్రం ఉంటుంది. పెట్రోలు మట్టం పైకొచ్చి ఆ రంధ్రాన్ని మూయగానే లోపలి గాలి లాగుడు మారి వాల్వ్ మూసుకుంటుంది. కారు తయారుచేసినవాళ్లు కూడా ఆ మట్టానికి పైన కొంత ఖాళీ ఉండేలాగే ట్యాంకును డిజైన్ చేస్తారు. ఆ ఖాళీ వృథా జాగా అనుకుంటాం కానీ దానికి పని ఉంది. పెట్రోలు వేడికి ఉబ్బుతుంది. పది డిగ్రీలు పెరిగితే దాదాపు ఒక శాతం పెరుగుతుంది. బంకులో నేల కింద చల్లగా ఉన్న పెట్రోలును 35 లీటర్ల ట్యాంకులో మూతి దాకా పోసుకుని, మే నెల మధ్యాహ్నం రేణిగుంట రోడ్డులో కారు ఎండకు పెట్టారనుకోండి. పదిహేను డిగ్రీలు పెరిగినా అర లీటరు ఎక్కువవుతుంది. దానికి చోటు కావాలి. పైకి లేచే ఆవిరికీ చోటు కావాలి.

ఈ ఆవిరిని బయటికి వదలకూడదని నిబంధన. అందుకే ట్యాంకు నుంచి ఒక గొట్టం బొగ్గు నింపిన చిన్న డబ్బాకు వెళ్తుంది. మెకానిక్కులు క్యానిస్టర్ అనేది దాన్నే. లోపలి యాక్టివేటెడ్ కార్బన్ పెట్రోలు ఆవిరిని పట్టి ఉంచుతుంది. బండి నడుస్తున్నప్పుడు పర్జ్ వాల్వ్ తెరుచుకుని, ఇంజిన్ ఆ ఆవిరిని లాక్కుని కాల్చేస్తుంది. పోవాల్సిన పెట్రోలు మళ్లీ మనకే పనికొస్తుంది. 2017 ఏప్రిల్‌లో వాహన కాలుష్య ప్రమాణాల్లో నాలుగో దశ అయిన బీఎస్-4 (భారత్ స్టేజ్-4) వచ్చినప్పుడు ద్విచక్ర వాహనాలకూ ఆవిరి పరిమితి పెట్టారు. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా అమలైన బీఎస్-6 దాన్ని ఇంకా బిగించింది. డీజిల్ పెద్దగా ఆవిరి కాదు కాబట్టి ఆ బండ్లకు ఈ డబ్బా గొడవ లేదు.

ఈ బొగ్గు ఆవిరిని పట్టగలదు గానీ పెట్రోలును తాగలేదు. టక్‌మన్నాక కూరిన పెట్రోలు ఆవిరి పోవాల్సిన గొట్టంలోకి ఎక్కి డబ్బాలోకి దిగితే బొగ్గు తడిసి ముద్దవుతుంది. మళ్లీ మళ్లీ తడిస్తే పొడిగా రాలుతుంది. ఆ పొడి పర్జ్ వాల్వ్‌లో ఇరుక్కుంటే అది సరిగ్గా మూసుకోదు. పెట్రోలు కొట్టించి బయటికి రాగానే స్టార్టింగ్ ట్రబుల్, సిగ్నల్ దగ్గర ఇంజిన్ దడదడలాడటం, కారులో పెట్రోలు వాసన, ఒక్కోసారి చెక్ ఇంజిన్ లైటు వెలగడం, ఇవన్నీ దీని గుర్తులు. లైటు వెలగలేదు కాబట్టి అంతా బాగున్నట్టే అనుకోవడానికీ లేదు. ఒక్కసారి కాస్త ఎక్కువ పోసుకున్నంత మాత్రాన బండి షెడ్డుకు పోదు, ఆ మాటా చెప్పాలి. నెలల తరబడి ప్రతి ఫుల్ ట్యాంకుకూ ఇదే చేస్తేనే దెబ్బ.

ఇందులో ఒక విచిత్రం ఉంది. డబ్బా మూసుకుపోతే ట్యాంకులోని గాలి బయటికి పోయే దారి ఉండదు. దాంతో తర్వాతిసారి సగం ట్యాంకుకే గన్ను టక్‌మంటుంది. "ఈ బంకు గన్ను బాలేదు" అని తిట్టుకుంటూ చుక్కచుక్కగా ఇంకా పోయిస్తాం. జబ్బు ముదిరేది అక్కడే.

తిరుపతికి ఇంకో ఇబ్బంది కొండ. తెల్లవారుజామున దర్శనం టైమ్ టెన్షన్‌తో బంకులో ఫుల్ చేయించి, నేరుగా అలిపిరి తనిఖీ వరుసలో నిలబడి, అక్కడి నుంచి రెండో ఘాట్ రోడ్డు ఎక్కే కార్లు ఎన్నో. ట్యాంకు ఏటవాలుగా ఉంటుంది, మలుపు మలుపుకూ పెట్రోలు ఒక పక్కకు ఒరుగుతుంది, లో గేరులో బండి వేడెక్కుతుంది. మూతి దాకా నిండిన ట్యాంకులో పెట్రోలు గొట్టంలోకి ఎక్కడానికి ఇంతకంటే మంచి అవకాశం దొరకదు. పార్కింగ్‌లో సైడ్ స్టాండు మీద ఒరిగి, ఓవర్‌ఫ్లో పైపు నుంచి చుక్కలు కారుస్తున్న బైకులను చూడనివాళ్లు ఈ ఊళ్లో ఉండరు.

అలవాటుకు కారణం ఒక్కటే కాదు. రౌండ్ ఫిగర్ పిచ్చి సరే, యూపీఐ వచ్చాక చిల్లర గొడవే లేదు, దానికి సాకు కూడా మిగల్లేదు. చిత్తూరు వైపు మాత్రం అసలు కారణం సరిహద్దు. ఆంధ్రప్రదేశ్‌లో పెట్రోలుపై 31 శాతం వ్యాట్, లీటరుకు 4 రూపాయల అదనపు వ్యాట్, మరో రూపాయి రోడ్డు సెస్సు. చిత్తూరు నుంచి కాట్పాడి దారిలో కొద్ది దూరం పోతే తమిళనాడు. పలమనేరు దాటితే నంగిలి దగ్గర కర్ణాటక. కుప్పం వాళ్లకు రెండు పక్కలా పొరుగు రాష్ట్రమే. అక్కడ లీటరుకు ఆరు నుంచి ఎనిమిది రూపాయలు తక్కువ. పన్నుల తేడా పాలకులు ఆలోచించాల్సిన సంగతి, దాని గురించి మళ్లీ రాస్తాం. పొరుగు బంకులో ఫుల్ చేయించుకునేవాళ్లనూ తప్పుపట్టం. అయితే టక్‌మన్నాక ఎంత కూరినా మహా అయితే రెండు లీటర్లు పడుతుంది. లీటరుకు ఎనిమిది చొప్పున మిగిలేది పదహారు రూపాయలు. ఒక టీ డబ్బులు. పాడైన క్యానిస్టరూ వాల్వూ మార్పించాలంటే బిల్లు వేలల్లో ఉంటుంది.

ఇక అనుమానం. బంకువాళ్లు తక్కువ పోస్తారని, మూతి దాకా కంటికి కనబడితేనే నమ్మకమని చాలామంది అంటారు. కళ్లతో చూస్తే కొలత తెలియదు. ప్రతి బంకులో తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఐదు లీటర్ల పాత్ర ఉంటుంది. అడిగితే మన ముందే కొలిచి చూపాలి, ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్లకు మించి తేడా ఉండకూడదు. ఆ పాత్ర తెమ్మని అడిగేవాళ్లు ఎంతమంది? మైలేజీ లెక్కకు మూతి దాకా పోయించేవాళ్లు రెండుసార్లూ మొదటి టక్ దగ్గరే ఆపితే చాలు, లెక్క సరిపోతుంది.

ఈ వ్యవహారంలో ఎవరూ పట్టించుకోనిది ఆ గన్ను పట్టుకున్న కుర్రాడిని. పెట్రోలులో బెంజీన్ ఉంటుంది. అది మనిషికి క్యాన్సర్ తెచ్చే పదార్థమని తేలిన సంగతే, అందుకే బీఎస్-6 పెట్రోలులో ఒక శాతానికి మించకూడదన్నారు. చుక్కచుక్కగా పోసే ప్రతిసారీ ట్యాంకు మూతి దగ్గర వంగి ఆ గాలి పీల్చేది అతనే, పొంగితే చేతులు తడిసేదీ అతనివే. మనం ఆ వాసన రెండు నిమిషాలు భరిస్తాం, అతను షిఫ్టంతా భరిస్తాడు. బయటికి పోయిన ఆవిరి ఎండలో వాహనాల పొగతో కలిసి నేలమట్టపు ఓజోన్‌గా మారి ఊరందరి ఊపిరితిత్తులకూ చేరుతుంది. పొల్యూషన్ సర్టిఫికెట్ పరీక్షలో చూసేది సైలెన్సర్ పొగ ఒక్కటే. క్యానిస్టర్ తడిసి ఆవిరి లీకవుతున్న బండికి కూడా ఆ కాగితం చక్కగా వచ్చేస్తుంది.

ఎండాకాలం రాగానే వాట్సాప్‌లో ఒక మెసేజీ తిరుగుతుంది. ఫుల్ ట్యాంక్ చేయిస్తే బండి పేలిపోతుంది, సగమే పోయించండి అని ఇండియన్ ఆయిల్ పేరుతో వస్తుంది. అది అబద్ధమని, తయారీదారు చెప్పిన పరిమితి దాకా ఏ కాలంలోనైనా నింపుకోవచ్చని ఆ సంస్థే ఖండించింది. మేమూ సగం ట్యాంకు చాలని చెప్పడం లేదు. ఫుల్ చేయించుకోండి, మొదటి టక్‌తో మూత బిగించండి.

చమురు కంపెనీలు ఈ పని బంకుల నుంచే మొదలుపెట్టాలి. రౌండ్ చేసేదా అని అడగడం మానేయమని సిబ్బందికి చెప్పడానికి పైసా ఖర్చు లేదు. ఆటో కట్ సరిగ్గా పనిచేయని గన్నులను వెంటనే మార్చాలి. పొయ్యొద్దన్నా పోయమని గొడవపడే కస్టమరుకు చూపించడానికి కుర్రాడి వెనక ఒక బోర్డు ఉండాలి. లేకపోతే తిట్లు తినేది అతనే. అలిపిరి దారిలోని బంకుల్లో ఆ బోర్డును తెలుగులో రాస్తే సరిపోదు, తమిళం, కన్నడ, హిందీలోనూ రాయాలి. శనివారం తెల్లవారుజామున అక్కడి వరుసలో కార్ల నంబరు ప్లేట్లు చూస్తే ఎందుకో అర్థమవుతుంది.