1974 మోడల్ ఇల్లు

డాలస్‌లో ఉండే మా బావమరిదికి ఎక్సెల్ షీట్ తెరిస్తే లాభం తప్ప నష్టం కనపడదు. ఈసారి అందులో పాత మొబైల్ హోమ్ ఒకటి ఎక్కింది. అంటే ఫ్యాక్టరీలో తయారుచేసి, చక్రాల మీద తెచ్చి నిలబెట్టే ఇల్లు. ధర 18 వేల డాలర్లు. అద్దెకిస్తే నెలకి 1,400 వస్తుంది. ఇల్లు నిలబడ్డ చోటుకి పార్కు వాళ్ళకి, అంటే ఇలాంటి ఇళ్ళకి స్థలం అద్దెకిచ్చేవాళ్ళకి, 700 కట్టాలి. మిగిలిన 700 మన జేబులోకి.

"రెండేళ్ళ రెండు నెలలకి పెట్టుబడి మొత్తం వెనక్కొచ్చేస్తుంది బావా! ఆ తర్వాత అంతా మిగులే."

"ఇల్లు మనది, స్థలం వాళ్ళదా?"

"అవును. అందుకే కదా ఇంత చవక!"

మనవాళ్ళు ఊరవతల ముళ్ళకంపల మధ్య రెండు వందల గజాలు కొని, ఇరవై ఏళ్ళపాటు అక్కడ ఇటుక కూడా పెట్టకుండా ఆనందంగా బతికేస్తారు. స్థలం లేకుండా ఇల్లు ఒక్కటే కొన్నవాడు మాత్రం నాకు తెలిసి మా రెండు వంశాల్లోనూ లేడు. ధర పెరిగేది నేలకి, పాతబడేది గోడలు. వీడు పెరిగేదాన్ని పార్కువాడికి వదిలేసి, పాతబడేదాన్ని తను ఉంచుకుంటానంటున్నాడు.

పైగా టెక్సస్‌లో పరాయి స్థలంలో ఉన్న ఇలాంటి ఇల్లు కాగితాల్లో స్థిరాస్తి కాదు, కారులాగా చరాస్తి. పాత యజమాని పన్ను ఎగ్గొట్టి ఉంటే ఆ బాకీ కూడా ఇంటిని పట్టుకునే వస్తుంది. ఇవన్నీ నేను చెబుతుంటే మా ఆవిడ అసలు సందేహం బయటపెట్టింది.

"ఇంతకీ గృహప్రవేశమా, వాహన పూజా? పాలు పొంగించాలా, చక్రాల కింద నిమ్మకాయలు పెట్టాలా?"

"ముందు వాస్తు అడుగు," అన్నాను. గుమ్మం దక్షిణానికట.

"దాందేముందక్కా! అడుగున చక్రాలున్నాయి, తూర్పుకి తిప్పేద్దాం."

పేరులో ఉన్నంత మొబైల్ ఆ ఇంట్లో ఉండదు. ఒకసారి దిగబడ్డాక కదపాలంటే వేల డాలర్లు వదులుతాయి. ఆ వయసు ఇంటిని ఈడ్చుకెళ్ళినా చాలా పార్కులు గేటు దాటనివ్వవు. అయినా తమ్ముడి ఉత్సాహం చూసి మా ఆవిడ నన్ను కూడా కారెక్కించింది.

అక్కడికి వెళ్ళగానే నేను ఎర్ర బిళ్ళ కోసం ఇంటి చుట్టూ తిరిగాను. 1976 జూన్ 15 నుంచి తయారైన ఇళ్ళకి కేంద్ర ప్రభుత్వ ప్రమాణాలు వర్తిస్తాయి. అందుకు గుర్తుగా బయటి గోడకి ఎర్రటి లోహపు బిళ్ళ బిగిస్తారు. అంతకు ముందు పుట్టిన ఇళ్ళకి అప్పంటే బ్యాంకులు మొహం చాటేస్తాయి. ఈ గోడకి బిళ్ళ లేదు, కందిరీగల గూడుంది.

"డెబ్బై నాలుగు మోడల్," అన్నాడు అమ్మే పెద్దాయన గర్వంగా. ఆ ప్రమాణాలకి ఆధారమైన చట్టం కూడా ఆ ఏడే వచ్చింది. కాకపోతే అది అమలయ్యేసరికి ఈ ఇంటికి కాస్త నడక వచ్చేసినట్టుంది.

లోపల కొత్త రంగు, కొత్త కర్టెన్లు, సువాసన కొవ్వొత్తి. ఇంత సువాసన ఎందుకో అని నాకు అనుమానమొచ్చింది. పాత మొబైల్ హోముల్లో నేలకి చాలాసార్లు చెక్కపొట్టు అతికించి చేసిన పలకలు వేసేవారు. నీళ్ళు తగిలితే అవి ఉబ్బి, మెత్తబడి, పైన పరిచిన షీటు బలం మీదే నిలబడి ఉంటాయి. అందుకే బాత్రూమ్‌లో కమోడ్ పక్కన తొక్కి చూడాలంటారు. మెల్లగా తొక్కి చూడాలని కూడా అంటారు. మావాడు మొదటి సగమే విన్నాడు.

ఫట్‌మని శబ్దం. వెళ్ళి చూస్తే కుడికాలు మోకాలిదాకా నేలలో ఉంది. మొహంలో మాత్రం ఇన్వెస్టర్ ధీమా చెక్కు చెదరలేదు.

"దెబ్బ తగిలిందేమిట్రా?"

"లేదు బావా. కింద ఏదో మెత్తగా ఉంది."

"దూదేమో. చలి ఆగడానికి కింద పరుస్తారు."

"దూది కదులుతుందా బావా?"

ఆ తర్వాత వాడు పెట్టిన కేకకి పార్కు మేనేజరమ్మ గోల్ఫ్ కార్టు వేసుకుని వచ్చేసింది. గుమ్మంలోంచే సంగతంతా చూసి, కాలి గురించి ఒక్క ముక్క అడక్కుండా, "ఎవరుంటారు ఇందులో?" అంది.

"అద్దెకిద్దామనుకుంటున్నాం," అన్నాడు మావాడు బాత్రూమ్‌లోంచి.

"కుదరదు. ఈ పార్కులో కొన్నవాళ్ళే ఉండాలి. అద్దెకివ్వడం రూల్స్‌లో లేదు."

ఎక్సెల్ షీట్‌లో 1,400 ఎగిరిపోయింది. 700 మాత్రం అలాగే ఉంది, మనం కట్టాల్సింది. అమ్మయ్య, ఇక ఇంటికెళ్ళి అన్నం తినొచ్చు అనుకున్నాను.

కానీ పెద్దాయన కళ్ళు ఆ కాలు మీంచి కదలడం లేదు. ఇది అమెరికా. నేలలో దిగిన కాలు కోర్టుదాకా నడుస్తుంది. ఆయన గొంతు సవరించుకుని, "రెండు వేలు తగ్గిస్తాను," అన్నాడు.

మావాడి మొహం వెలిగిపోయింది. మేనేజరమ్మ మాటా మర్చిపోయాడు, కింద కదిలేదాన్నీ మర్చిపోయాడు. గోడ పట్టుకుని నా వైపు వంగి, తెలుగులో గుసగుసగా అడిగాడు.

"ఒక్క కాలికే రెండు వేలు బావా! రెండోది కూడా దింపెయ్యనా?"