నష్టాన్ని మైనస్‌లో చూపే డీపీ మీటరు గారికి

రెండు చోట్ల పీడనాల తేడా (డిఫరెన్షియల్ ప్రెషర్) చూపే మహారాజశ్రీ డీపీ మీటరు గారికి, నల్లగొండ శివారులోని ఒక ఇంజినీరింగు కళాశాలలో తమరి ఎదుట స్టూలు వేసుకుని కూర్చునే ల్యాబ్ అసిస్టెంటు నమస్కరించి వ్రాయునది.

నిలువు పైపులోకి కింది నుంచి నీళ్లు, గాలి కలిపి పంపి, 2 మీటర్ల ఎడంలో ఉన్న రెండు రంధ్రాల మధ్య పీడనం ఎంత పడిపోయిందో చెప్పమని తమరిని గోడకు బిగించాము. పీడనాన్ని ఎంత ఎత్తు నీళ్ల బరువుకు సమానమో ఆ సెంటీమీటర్లలో చెప్పే తమరు, నిన్న మైనస్ 70 అన్నారు. పైకి పోయినకొద్దీ పీడనం పెరిగిందన్నమాట! బిల్లు కోసం తిరిగే కాంట్రాక్టరు పద్దుల్లో కూడా ఇంత ధైర్యం చూడలేదు.

తమరి గుట్టు నాకు తెలుసు. తమరి రెండు చెవులకు తగిలించిన సన్న గొట్టాల నిండా నీళ్లే. పైపులో ఉత్త నీళ్లు కదలకుండా ఉంటే లోపలి బరువుకు బయటి బరువు చెల్లు కనుక తమరు సున్నా చూపి ఊరుకుంటారు. గాలి కలవగానే పైపులోని మిశ్రమం తేలికవుతుంది, గొట్టంలోని నీళ్లు మాత్రం తమ బరువు తగ్గించుకోవు. పైపులో నీటి వాటా 60 శాతమైతే బరువుకు 120, రాపిడికి ఓ 10, వెరసి అసలు నష్టం 130 సెంటీమీటర్లు. అందులోంచి గొట్టంలోని 2 మీటర్ల నీళ్ల బరువుకని తమ 200 పట్టుకొని మిగిలింది మా చేతిలో పెడుతున్నారు.

మర్రిగూడ వైపు కంప్రెషర్ బోరు నడిపిన మా నాయన "గాలి కలిస్తె నీళ్లు తేలికైతయిరా, అందుకే పైకొస్తయి" అనేవాడే గాని, దాన్ని ఎన్నడూ నష్టంలో మైనస్ అనలేదు. గాలి మరీ ఎక్కువైతే రాపిడి పెరిగి నష్టం మళ్లీ ఎక్కువవుతుందని కూడా ఆయనకు డీజిల్ ఖర్చులో తెలిసింది.

పెద్ద బుడగలు పైపు నిండుగా ఒకదాని వెనుక ఒకటి లేచేటప్పుడు తమరు మైనస్ 40కీ మైనస్ 90కీ మధ్య ఊగుతారు. నిమిషంపాటు రాసుకొని సగటు తీయవలసిన మా పిల్లలు, సీనియర్ల రికార్డులో ఉన్న అంకె తెరపైకి వచ్చిన క్షణాన పెన్ను తీస్తున్నారు. ఆ అంకెను చూపినందుకు తమరికీ అందులో వాటా ఉంది.

ఈ సాయంత్రం టార్చి వేసి చూస్తే, పై రంధ్రం నుంచి దిగే గొట్టంలో వేలెడు పొడవున గాలి ఇరుక్కుని కనిపించింది. అంటే గొట్టంలో నీళ్ల బరువు ఆ మేరకు తగ్గింది, నిన్నటి మైనస్ 70 కూడా నిజం కాదు, అది వేలెడు తప్పు. స్క్రూ వదులు చేసి ఆ గాలిని వెళ్లగొట్టేసరికి నా చొక్కా తడిసింది, తమరు మైనస్ 76కు దిగారు. రేపు తొమ్మిదిన్నరకు మూడో బ్యాచి వస్తుంది.

ఇట్లు,
తమరు చెప్పిన ప్రతి అంకెకూ 200 కలిపి రాసుకొనువాడు