నా కారు ఎక్కడుందో వాళ్లకెందుకు?

కారు కొన్నది తిరగడానికా, నా తిరుగుళ్ల లెక్క ఎవరికో అప్పజెప్పడానికా? కారు కంపెనీ యాప్ తెరిస్తే చాలు. విశాఖ ఎంవీపీ కాలనీలో ఎన్నింటికి బయల్దేరానో, మద్దిలపాలెం దగ్గర బ్రేక్ ఎంత గట్టిగా తొక్కానో, కేజీహెచ్ దగ్గర ఎంతసేపు ఆపానో, అన్నీ మ్యాపు మీద గీత గీసి మరీ ఉన్నాయి. ఆసుపత్రికెళ్లిన సంగతి ఇంట్లోనే చెప్పలేదు నేను. వీళ్లకెందుకు తెలియాలి?

షోరూమ్‌లో అడిగితే "యాప్ షరతులకి అందరూ ఓకే కొట్టేస్తారు సార్" అంటాడు. కొట్టకపోతే సగం ఫీచర్లు పనిచెయ్యవట. దీన్ని అనుమతి అంటారా? దొంగలెత్తుకుపోతే బండి దొరుకుతుందట. దొరకాలి, కాదన్నదెవరు? అందుకని నేను రుషికొండ వెళ్లిన ప్రతిసారీ రాసిపెట్టుకోవాలా?

2023లో ఫైర్‌ఫాక్స్ బ్రౌజర్ వెనకున్న లాభాపేక్ష లేని సంస్థ మొజిల్లా ఫౌండేషన్ 25 కార్ల బ్రాండ్లను పరిశీలిస్తే గోప్యతలో ఒక్కటంటే ఒక్కటీ పాసవలేదు. గోప్యత ప్రాథమిక హక్కని మన సుప్రీంకోర్టు 2017లోనే తేల్చేసింది. అయినా ఎవరికి పట్టింది?

ఇక సెకండ్ హ్యాండ్ బండ్ల సంగతి మరీ ఘోరం. పాత ఓనరు ఖాతా తీసెయ్యకపోతే బండి ఎక్కడుందో అతని ఫోన్‌లో కనిపించే ప్రమాదముంది. నడిపేది ఒంటరి ఆడపిల్లయితే? అమ్మేటప్పుడు ఈ మాట చెప్పేవాడేడీ?

ట్రాకింగ్ ఆపే బటన్ తెర మీద ఎదురుగా పెట్టండి. తెలుగులో పెట్టండి.